మానసిక రోగుల ఆదరణ: జాల్నా నుండి అచ్చంపేట వరకు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

అచ్చంపేట నల్లమల అడవి అంచున ఉన్న పట్టణము. చాలకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరినది. దక్షిణాన అమ్రాబాద్ పీఠభూమి, చెంచు పెంటలు, శ్రీశైలము దారి ఉన్నాయి. ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరములో హైదరాబాదు ఉంది. వానలు తప్పిన ఏట ఇక్కడి పేదలు 'పాలమూరు లేబర్' అను పేరుతో దూరప్రాంతములకు మట్టిపనికి వలసపోయారు. ఇట్టి ప్రాంతములో ఇంట్లో ఒకరికి మతి చలించినప్పుడు ఆ కుటుంబము ఎక్కడికి పోగలిగింది? ఎవరిని ఆశ్రయించింది? అందులో క్రైస్తవ సంఘము వహించిన పాత్ర ఎట్టిది? ఈ మూడు ప్రశ్నలను చరిత్ర వెలుగులో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఈ ప్రశ్నలు నాకు గ్రంథాలయములో పుట్టినవి కావు. 1990ల చివర నేను పరిచర్య ఆరంభించిన తొలి సంవత్సరములలో, అచ్చంపేటకు దగ్గరి ఒక పల్లెలో మా సంఘస్థురాలైన ఒక తల్లికి ఇరవై రెండేళ్ల కుమారుడు ఉండేవాడు. బొంబాయిలో మట్టిపని చేసి తిరిగివచ్చిన తరువాత అతనికి నిద్ర కరువైంది. ఎవరో తనను తిడుతున్నట్లు వినబడుతుందని చెప్పేవాడు. అన్నములో విషము కలిపారని పళ్లెము నెట్టివేసేవాడు. ఊరివారు కొందరు గాలి సోకిందన్నారు, కొందరు బాణామతి అన్నారు. తల్లి అప్పు చేసి అతనిని హైదరాబాదుకు తీసుకొనిపోయి మందులు వాడించింది. రెండు నెలలలో అతడు నిద్రపోవుట, అన్నము తినుట, మేకల వెంట పోవుట మొదలుపెట్టాడు. అప్పుడు మా సంఘములో ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ప్రసంగించుటకు వచ్చిన ఒక సేవకుడు, విశ్వాసము ఉన్న ఇంట్లో గోళీలెందుకని అన్నాడు. నేను ప్రక్కనే నిలబడి ఆమేన్ అన్నాను.

ఆరు వారములు గడవకముందే రోగము తిరగబెట్టింది. అతడు రాత్రివేళ ఇల్లు విడిచి పరుగెత్తుతున్నాడని బంధువులు పశువుల కొట్టములో గుంజకు గొలుసుతో కట్టివేశారు. ఆ తల్లి మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, మీరు గోళీలు ఆపుమంటిరి, ఆపిన. ఇప్పుడు మావోడు నన్నే గుర్తుపడ్తలేడు. ఏం జెయ్యాలె చెప్పుండ్రి" అని అడిగింది. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసము ఆమెకు ఆలస్యముగా వ్రాసిన జవాబు అనుకొనవచ్చును.

ముందుగా రెండు మాటలను వేరుచేసి చెప్పవలసియున్నది. మన పల్లెలలో 'పిచ్చి' అను ఒకే మాటతో రెండు వేర్వేరు స్థితులను పిలుస్తారు. మొదటిది మనోవైకల్యము. ఇది పుట్టుకతో గాని బాల్యములో గాని కలుగును. బుద్ధి ఎదుగుదల మందగించిన ఇట్టి పిల్లలకు మందులకంటె శిక్షణ ముఖ్యము. వీరి కొరకు 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థ స్థాపించబడినది. రెండవది తీవ్ర మానసిక రోగము. ఇది ఎక్కువగా యౌవనములో, అంతవరకు బాగుగా ఉన్నవారికి వచ్చును. స్కిజోఫ్రేనియా, బైపోలార్ రోగము ఇట్టివి. వీటికి చికిత్స కలదు. ఈ వ్యాసము ప్రధానముగా రెండవదానిని గూర్చినది. అయితే రెంటిలోను కుటుంబము మోయు భారము ఒక్కటే.

1. దూరపు ఆసుపత్రులు

దక్షిణ భారతములో మతి చలించినవారి కొరకు ప్రత్యేక గృహము 18వ శతాబ్దము చివర మద్రాసులో ఏర్పడినది. 1794లో వాలెంటైన్ కానలీ అను వైద్యుడు దానిని ఆరంభించాడు. తరువాత 1871లో కీల్‌పాక్‌లో ప్రభుత్వ ఆశ్రమము నిర్మించబడినది. తెలుగువారి కొరకు 19వ శతాబ్దములోనే విశాఖపట్టణములో ఒక ఆశ్రమము వెలసినది. ఇవన్నియు బ్రిటిష్ పాలనలోని మద్రాసు రాజధానికి చెందినవి. 1912లో బ్రిటిష్ ఇండియాకు వచ్చిన లూనసీ చట్టము రోగి చికిత్సకంటె అతని నిర్బంధమునకే ఎక్కువ ప్రాధాన్యత ఇచ్చినది. చాలమంది రోగులు వైద్యుని మాట చొప్పున గాక మేజిస్ట్రేటు ఉత్తర్వు చొప్పున లోపలికి వెళ్లారు.

అచ్చంపేట ప్రాంతము నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యపు మానసిక వైద్యశాల మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. ఇచ్చటినుండి హైదరాబాదు మీదుగా జాల్నాకు ఐదు వందల కిలోమీటర్లు దాటును. ఎడ్లబండి తప్ప వేరే సాధనము లేని నల్లమల పల్లెవాసికి అది మరియొక దేశమువంటిది. అక్కడి భాష వేరు, అన్నము వేరు. ఇంటివారు వెళ్లి చూచి వచ్చుట దాదాపు అసాధ్యము. 1953లో ఆ వైద్యశాల హైదరాబాదులోని ఎర్రగడ్డకు మార్చబడినది. దూరము నాలుగవ వంతు కంటె తక్కువైంది. కాని 'ఎర్రగడ్డ' అను ఊరి పేరే తెలంగాణ పల్లెలలో ఒక తిట్టుగా మారినది. "ఎర్రగడ్డకు తోలాలె" అను మాట మనమందరము విన్నదే. సంబంధములు చెడిపోవునని భయపడి అనేక కుటుంబములు రోగమును ఇంట్లోనే దాచిపెట్టాయి.

ఇదే కాలములో వైద్యశాస్త్రములో ఒక గొప్ప మార్పు జరిగినది. 1952లో పారిస్‌లో జీన్ డెలే, పియర్ డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అను మందును మానసిక రోగులకు వాడి మంచి ఫలితములు చూశారు. అంతవరకు గోడలు, గొలుసులు తప్ప వేరే ఉపాయము లేని రోగమునకు మాత్రలు దొరికినవి. తరువాతి కాలములో కొన్ని వారములకు ఒకసారి వేయు సూదిమందులు కూడ వచ్చాయి. అంటే రోగిని బంధించి ఉంచవలసిన అవసరము చాలవరకు తీరినది. ఇంట్లో ఉండి మందు వాడుకొనుట సాధ్యమైనది. అయితే మందు ఇంటికి చేరవలెను, చేరిన తరువాత మానకుండ వాడవలెను. మన ప్రాంతములో కొరతపడినది ఈ రెండే.

2. మిషను వైద్యము: మనకు అందినది, అందనిది

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సువార్త తెచ్చిన వారిలో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ముఖ్యులు. రష్యానుండి వచ్చిన అబ్రహాము ఫ్రీజెన్ 1890 ప్రాంతములో నల్లగొండలో పని ఆరంభించాడు. 1899లో అమెరికానుండి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు వచ్చారు. తదుపరి నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల మొదలగు చోట్ల మిషను స్థలములు ఏర్పడినవి. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ 1945లో మరణించు వరకు ఇక్కడి పేదలకు వైద్యము చేసింది. శంషాబాదులో ఆమె నడిపిన ఆసుపత్రి, 1950లలో జడ్చర్లలో వృద్ధిపొందిన ఆసుపత్రి ఈ జిల్లాల ప్రజలకు తెలిసినవే. మలేరియా, కాన్పులు, పుండ్లు, క్షయ – ఇవి ఆ వైద్యుల దినచర్య. ఇక ఉత్తర తెలంగాణలోని డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కొరకు ఆరంభించిన పరిచర్య ప్రపంచమంతట పేరుపొందినది.

ఇక్కడ గమనింపదగిన విషయము ఒకటి కలదు. ఇదే మెన్నొనైట్ సంఘములకు మానసిక రోగుల సేవలో తమదైన చరిత్ర ఉన్నది. రష్యాలో (నేటి యుక్రెయిన్‌లో) కోర్టిట్సా ప్రాంతములోని మెన్నొనైట్లు 1910 ప్రాంతములో 'బెతానియా' అను మానసిక వైద్యశాలను స్థాపించారు. 1920లలో సోవియట్ పాలనలో అది మూతపడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికాలోని మెన్నొనైట్ యువకులు ఆయుధము పట్టుటకు నిరాకరించగా, ప్రభుత్వము వారికి ప్రత్యామ్నాయ సేవ అప్పగించినది. వారిలో సుమారు 1,500 మంది ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో పనిచేశారు. కిక్కిరిసిన వార్డులు, బట్టలు లేని రోగులు, దెబ్బలు – వారు కళ్లారా చూశారు. ఇతర సంఘములకు చెందిన తోటి యువకులతో కలిసి ఆ దుస్థితిని లోకమునకు తెలియజేశారు. యుద్ధము ముగిసిన తరువాత వారి సంఘములు మేరీలాండ్‌లో బ్రూక్ లేన్ (1949), కాలిఫోర్నియాలోని రీడ్లీలో కింగ్స్ వ్యూ (1951), కాన్సాస్‌లో ప్రేరీ వ్యూ (1954) అను మానసిక వైద్యశాలలను నెలకొల్పాయి.

కింగ్స్ వ్యూ వెలసిన ఆ దశాబ్దములోనే జడ్చర్ల ఆసుపత్రియు వృద్ధిపొందినది. ఒకే విశ్వాస కుటుంబము అక్కడ మానసిక వైద్యశాలను, ఇక్కడ సాధారణ వైద్యశాలను కట్టినది. ఇది నింద మోపుటకు చెప్పుచున్న మాట కాదు. కాన్పులో తల్లులు చనిపోవుచున్న చోట ముందుగా కాన్పు గది కట్టుట న్యాయమే. అయితే దాని ఫలితము మాత్రము మన సంఘములలో నిలిచిపోయినది. జ్వరము వస్తే ఆసుపత్రికి పోవలెనని మిషను మనకు నేర్పినది. మతి చలిస్తే ఆసుపత్రికి పోవలెనని నేర్పువారు లేకపోయారు. కాబట్టి మన విశ్వాసులు జ్వరమునకు ప్రార్థనతోపాటు మందును, మానసిక రోగమునకు మందు లేని ప్రార్థనను వాడుకలోనికి తెచ్చుకొన్నారు. ఆనాడు నేను పలికిన ఆమేన్ ఈ వాడుకలోనిదే.

3. కుటుంబముతో కూడిన చికిత్స

దూరమును జయించుటకు మరియొక మార్గమును మన దేశములోనే కొందరు కనుగొన్నారు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, ఆవరణములో గుడారములు వేయించి రోగుల కుటుంబములను అక్కడే ఉండనిచ్చాడు. ఇంటివారు దగ్గరనుండి వండిపెట్టి, రోగమును గూర్చి వైద్యుని వద్ద నేర్చుకొని, త్వరగా తమవారిని ఇంటికి తీసుకొనిపోయారు.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఈ పద్ధతిని తన విధానముగా చేసికొనినది. కెనడానుండి మిషనరీగా వచ్చిన మనోవైద్యురాలు డాక్టర్ ఫ్లారెన్స్ నికల్స్ కృషి ఫలితముగా 1957లో బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రము ఆరంభమైనది. అక్కడ రోగితోకూడ ఇంటివారొకరు తప్పక ఉండవలెను. ఇంటివారు చూడవచ్చినవారు కారు, చికిత్సలో పాలివారు. చిత్తూరు సరిహద్దుకు సమీపమైనందున ఎందరో తెలుగు కుటుంబములు అక్కడికి పోయి మేలు పొందాయి. అంతకుముందే, 1950లో, లక్నోలో స్టాన్లీ జోన్స్ 'నూర్ మంజిల్' అను మనోవైద్య కేంద్రమును స్థాపించియున్నాడు. కాబట్టి భారత క్రైస్తవ సంఘమునకు ఈ పరిచర్య కొత్తది కాదు.

ఇంకను వెనుకకు పోయినచో బెల్జియములోని గీల్ పట్టణము కనబడును. మధ్యయుగములలో అక్కడి దింఫ్నా ఆలయమునకు మానసిక రోగులు స్వస్థత కొరకు వచ్చేవారు. ఆలయములో స్థలము చాలక పట్టణస్థులు వారిని తమ ఇండ్లలో ఉంచుకొనసాగారు. ఈ ఆచారము శతాబ్దములు నిలిచి, 1938 నాటికి 3,700 మందికి పైగా రోగులు ఆ పట్టణపు కుటుంబములలో నివసించారు. నేటికిని తక్కువ సంఖ్యలో అది కొనసాగుచున్నది, వైద్యుల పర్యవేక్షణ కూడ ఉన్నది. ప్రార్థనాస్థలము, ఇల్లు, వైద్యము – మూడును ఒకదానికొకటి అడ్డుకాలేదు.

4. జిల్లాకు దిగివచ్చిన వైద్యము

1982లో భారత ప్రభుత్వము జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రకటించినది. పెద్ద ఆసుపత్రులు కట్టుటకంటె ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోని వైద్యులకు శిక్షణ ఇచ్చి, మందులను పల్లెకు చేర్చుట దాని ఆలోచన. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1985 నుండి పొరుగు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో దీనిని ఆచరించి చూపినది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో నాలుగు జిల్లాలలో మొదలుకాగా, వాటిలో ఒకటి మన మెదక్. క్రమముగా ఇతర జిల్లాలకు విస్తరించినది. అచ్చంపేటవారికి జిల్లా కేంద్రమైన నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. అదే సంవత్సరము అక్టోబరు 10న 'టెలి మానస్' అను ఉచిత ఫోను సేవ ప్రారంభించబడినది. 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

అయితే ఈ మార్పుల మధ్యనే ఒక ఘోరము జరిగినది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో, ఒక దర్గాకు సమీపమున ఉన్న ప్రైవేటు ఆశ్రమపు పాకకు నిప్పు అంటుకొనినది. గొలుసులతో కట్టబడియున్నందున పారిపోలేక 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయమును విచారణకు తీసుకొనినది. ఇది ఇతర మతస్థుల దోషమని మనము ప్రక్కకు తొలగిపోరాదు. మన ప్రార్థన గృహముల వరండాలలో కూడ కట్టివేయబడిన రోగులను నేను చూచియున్నాను. ఎర్వాడి వార్త చదివిన ఉదయము నాకు గుర్తుకు వచ్చినది ఆ పశువుల కొట్టము.

చట్టము కూడ మారినది. 1912 చట్టము స్థానములో 1987లో మానసిక ఆరోగ్య చట్టము, దాని స్థానములో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చాయి. 2018 మే 29 నుండి అమలులో ఉన్న ఈ చట్టము రోగిని ఏ విధముగానైనను గొలుసుతో బంధించుటను నిషేధించినది (95వ సెక్షను). సమాజములో జీవించు హక్కును రోగికి ఇచ్చినది (19వ సెక్షను). 1995 వికలాంగుల చట్టములోనే మానసిక రోగము వైకల్యముగా గుర్తింపు పొందినది. 2016 చట్టము దానిని కొనసాగించినది. 40 శాతము వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందినవారికి తెలంగాణలో పింఛను కలదు. అది 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంచబడినది.

ఇన్ని ఉన్నను అవి కుటుంబములకు చేరలేదు. 2015–16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వే ప్రకారము, పెద్దలలో 1.9 శాతము మంది జీవితములో ఎప్పుడో ఒకప్పుడు తీవ్ర మానసిక రోగమునకు గురియైనవారు. వివిధ మానసిక రోగములలో చికిత్స అందనివారు 70 నుండి 92 శాతము వరకు ఉన్నారు. ఆ 12 రాష్ట్రములలో తెలంగాణ లేదు. అయినను మన పల్లెలను ఎరిగినవారికి ఈ లెక్క ఆశ్చర్యము కలిగించదు.

5. వాక్యపు వెలుగులో

మానసిక రోగమంతయు దయ్యపు పనియేనని చెప్పువారు మార్కు 5వ అధ్యాయమును ఎత్తిచూపుదురు. ఆ అధ్యాయమును నిదానముగా చదివినచో మూడు సంగతులు తెలియును. మొదటిది, ఆ మనుష్యుని గొలుసులతో కట్టినది ఊరివారు, ప్రభువు కాదు. రెండవది, స్వస్థత పొందిన తరువాత అతడు బట్టలు ధరించి, స్వస్థచిత్తుడై కూర్చుండెను. మూడవది, ప్రభువు అతనిని తన వెంట ఉంచుకొనక, ఇంటివారియొద్దకు పంపివేసెను. సమాధులలో నివసించినవాడు ఇల్లు చేరుటతో ఆ స్వస్థత పూర్తియైనది.

ఇక మత్తయి 4:24లో ప్రభువునొద్దకు తేబడినవారి పట్టికలో దయ్యముపట్టినవారు వేరుగాను, చాంద్రరోగులు వేరుగాను చెప్పబడిరి. అన్నిటిని ఒకే గాటికి కట్టుట వాక్యానుసారము కాదు. లూకా 10లోని సమరయుడు నూనె, ద్రాక్షారసము పోసి గాయములు కట్టి, పూటకూళ్లవానికి డబ్బు చెల్లించి, తిరిగివచ్చి మిగిలినది ఇచ్చెదనని చెప్పెను. అతని కనికరము ఒక్క పూటతో ముగియలేదు. మానసిక రోగికి కావలసినది ఇట్టి కనికరమే. ఒక రాత్రి ఉపవాస ప్రార్థన చేసి వెళ్లిపోవుట సులభము. మూడు సంవత్సరములు నెలనెలా మందు గుర్తుచేయుట కష్టము.

ముగింపు

జాల్నా నుండి ఎర్రగడ్డకు, ఎర్రగడ్డ నుండి జిల్లా కేంద్రమునకు, అక్కడినుండి చేతిలోని ఫోనుకు – వైద్యము వంద సంవత్సరములలో ఇంత దూరము నడిచివచ్చినది. మిగిలియున్నది కొద్ది దూరమే, ఆసుపత్రి గుమ్మము నుండి ఇంటి గుమ్మము వరకు. ఆ దారిలో ఆదివారమునాడు అందరినీ పేరుపెట్టి పిలువగలిగిన సంఘముకంటె దగ్గరివారు లేరు.

కాబట్టి తోటి కాపరులకు నా మనవి ఇది. వైద్యుడు ఇచ్చిన మందును వైద్యుడే మాన్పవలెను గాని బోధకుడు మాన్పరాదు. రోగికొరకు ప్రార్థించునప్పుడు, మందు వేసికొన్నాడా అని కూడ అడుగుదము. మొదటిసారి ఆసుపత్రికి పోవునప్పుడు ఆ కుటుంబముతో ఒకరు బస్సు ఎక్కవలెను. అక్షరము రానివారికి ధ్రువపత్రము, పింఛను కాగితములు వ్రాసిపెట్టవలెను. చాకిరీతో అలసిన తల్లికి వారములో ఒక పూట విశ్రాంతి దొరుకునట్లు స్త్రీల సమాజము వంతులు వేసికొనవలెను. ఇందులో దేనికిని పెద్ద ఖర్చు లేదు.

ఆ తల్లి ప్రశ్నకు వెంటనే జవాబు దొరకలేదు గాని, వారము తరువాత ఆమెతోను ఆమె కుమారునితోను నేనును హైదరాబాదు బస్సు ఎక్కాను. దారిలో అతడు రెండుసార్లు దిగిపోవ ప్రయత్నించాడు. వైద్యునితో, మందు ఆపుటలో నా పాలు ఉన్నదని చెప్పాను. ఆయన కోపపడలేదు. ఈసారి మీరే గుర్తుచేయండి అన్నాడు. మాత్రలు మరల పని చేయుటకు నాలుగు నెలలు పట్టినది. అటుపిమ్మట నెలకొక సూది.

నేడు అతనికి యాభై ఏండ్లు దగ్గరపడుచున్నవి. తల్లి ప్రభువునందు నిద్రించినది. అతడు తమ్ముని ఇంట్లో ఉండి మేకలు కాయుచున్నాడు. ఇప్పటికిని అప్పుడప్పుడు మాటలు వినబడునట, వాటిని పట్టించుకొననని చెప్పును. ఆదివారము ఆరాధనకు వచ్చి చివరి వరుసలో చాపమీద కూర్చుండును. కొట్టములోని ఆ గొలుసును బర్రెకు కట్టుచున్నారు. నెల మొదటి వారములో నేను అతనికి ఫోను చేసి, సూది వేయించుకొన్నావా బిడ్డా అని అడుగుదును. "ఏయించుకున్న అయ్యగారూ" అని అతడు చెప్పును. ఆ మాట విన్న తరువాతనే నేను అతనికొరకు ప్రార్థింతును.